రాడార్‌కు నీళ్ళ అడుగున ఏమీ కనబడదు

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ జిల్లా పేజీలో నౌకాదళ నిఘా విమానం మీద ఒక వార్త వేశారు. ‘సముద్ర గర్భాన్ని జల్లెడ పట్టే ఆకాశ నేత్రం’ అని పెద్దక్షరాల్లో శీర్షిక. ‘వెయ్యి అడుగుల లోతున నక్కిన సబ్‌మెరైన్‌ను సైతం పీ-8ఐ విమానం రాడార్ ఇట్టే పసిగడుతుంది. తీరంలో చిన్న తెప్ప కదిలినా దాని కన్నుగప్పలేదు’ అని కింద రాశారు. పక్కన ఒక ఫొటో. అందులో ఉన్నది పీ-8ఐ కాదండీ. మన విశాఖ బీచ్ రోడ్డులో కూర్చోబెట్టిన టీయూ-142 అనే నేవీ పాత నిఘా విమానం. నాలుగు ఇంజిన్లు, ఒక్కో ఇంజిన్‌కు ఒకదాని వెనక ఒకటి రెండు ప్రొపెల్లర్లు, ఒకటి ఇటు తిరిగితే రెండోది అటు తిరుగుతుంది. పీ-8ఐకి ప్రొపెల్లరే ఉండదు. మనం ప్రయాణాలకు ఎక్కే బోయింగ్ 737 ఒళ్ళే దానిదీ, రెండు జెట్ ఇంజిన్లు.

ఫొటో ఒక్కటే తప్పయితే నవ్వుకుని ఊరుకునేవాణ్ణి. ఉత్తరం రాయడానికి కారణం ఆ ‘ఇట్టే పసిగడుతుంది’ అన్న మాట. దానివల్ల మా ఇంట్లో ఏం జరిగిందో చివర్లో చెబుతాను.

ముందు నేనెవరో చెప్పాలి. మాది భీమిలి దగ్గర మత్స్యకారుల కుటుంబం. 1979లో పదిహేడేళ్ళ వయసులో నేవీలో చేరాను. 2004లో రిటైరై గోపాలపట్నంలో ఉంటున్నాను. చివరి పన్నెండేళ్ళు తమిళనాడు అరక్కోణంలోని నేవీ విమాన స్థావరం ఐఎన్ఎస్ రాజాళిలో టీయూ-142ల దగ్గర ఎలక్ట్రికల్ పని. నేను పైలట్‌ని కాను, విమానంలో కూర్చుని సబ్‌మెరైన్లను వెతికినవాణ్ణీ కాను. నేల మీద ఉండి వైర్లు చూసినవాణ్ణి, నీళ్ళలో వేసి వినే సోనోబోయ్‌లనే పరికరాలను విమానంలోకి ఎక్కించినవాణ్ణి. రహస్యాలు నాకు తెలియవు, తెలిసినా రాయను. ఇక్కడ రాసేవన్నీ అందరికీ అందుబాటులో ఉన్న సంగతులే.

రాడార్ వదిలేది రేడియో తరంగాలను. అవి గాలిలో వందల కిలోమీటర్లు పోతాయి గానీ ఉప్పునీటిని తాకితే వేలెడు లోతు కూడా దిగవు. ఉప్పునీరు కరెంటును మోస్తుంది కాబట్టి తరంగాన్ని అక్కడికక్కడే మింగేస్తుంది. కాబట్టి వెయ్యి అడుగుల మాట అటుంచండి, మీ బకెట్‌లో ఉప్పునీళ్ళు పోసి అడుగున గరిటె వేసినా ఆ రాడార్‌కు కనబడదు.

అయితే రాడార్ దండగా అంటే కాదు. నీటి పైకి వచ్చినదాన్ని అది వదలదు. మన బీచ్ రోడ్డులో టీయూ-142కి ఎదురుగా, ఇసుక వైపు కురుసుర సబ్‌మెరైన్ ఉంది కదా. 1969లో నేవీలో చేరి 2001లో రిటైరైంది. అది డీజిల్ సబ్‌మెరైన్. నీళ్ళ కింద బ్యాటరీల మీద నడుస్తుంది. బ్యాటరీలు అయిపోతే డీజిల్ ఇంజిన్ వేసి ఛార్జి చేసుకోవాలి, ఇంజిన్‌కి గాలి కావాలి. అందుకోసం పైకి దాదాపుగా వచ్చి స్నార్కెల్ అనే గొట్టాన్ని నీళ్ళ మీదికి లేపుతుంది. విమానం రాడార్‌కు దొరికేది ఆ గొట్టం తల, లేదా పెరిస్కోప్ తల. అలల మధ్య మనిషి తలకాయంత వస్తువు. అది రాడార్ తెర మీద ఒక చుక్క. అలలూ చుక్కలే. ఆ చుక్కల్లో ఏది ఇనుము, ఏది నీరు అని విడదీయడం దాని ప్రత్యేకత. రోడ్డుకు ఇటు వేటగాడు, అటు వేట. మన ఊళ్ళో అవి రెండూ ఎదురెదురుగా ఉన్నాయని చాలామందికి తట్టదు. సెల్ఫీలు దిగి వచ్చేస్తారు.

అణు సబ్‌మెరైన్‌కి ఆ గొట్టం అక్కర్లేదు. నెలల తరబడి కిందే ఉండగలదు. మరి దాన్నెలా పట్టుకుంటారు? వింటారు.

మా నాన్న సముద్రం మీద పడవ ఆపి, తెడ్డు నీళ్ళలోకి నిలువుగా దించి, పిడిని చెవికి ఆనించుకునేవాడు. ‘మాట్లాడకు’ అనేవాడు నాతో. కింద చేపల గుంపు అరుస్తుంటే ఆ చప్పుడు కర్రలోంచి పైకి వస్తుందని ఆయన నమ్మకం. చిన్నప్పుడు నేను కూడా చెవి పెట్టాను. నాకు నా గుండె చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. పదిహేనేళ్ళ తర్వాత నేవీ క్లాసులో సోనోబోయ్ గురించి చెప్పినప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చింది ఆ తెడ్డు. గాలిలో శబ్దం సెకనుకు 340 మీటర్లు పోతే నీటిలో 1,500 మీటర్లు పోతుంది. సముద్రంలో దూరంగా ఉన్నదాన్ని తెలుసుకోవడానికి కంటికన్నా చెవి నయం.

సోనోబోయ్ అంటే మన వలకు కట్టే బెండు లాంటిదే, కాకపోతే ఈ బెండుకు చెవి ఉంటుంది. ఇప్పుడు పీ-8ఐ వాడేవి సుమారు మూడడుగుల పొడవు, ఐదంగుళాల లోపు మందం ఉన్న గొట్టాలు. విమానం లోంచి కిందికి వదులుతారు. చిన్న పారాచూట్ విచ్చుకుని మెల్లగా నీళ్ళలో పడుతుంది. ఉప్పునీరు తగిలాకే లోపలి బ్యాటరీ ప్రాణం పోసుకుంటుంది. ఆ తర్వాత గొట్టం రెండుగా విడిపోతుంది. ఏరియల్ ఉన్న బెండు పైన తేలుతుంది. హైడ్రోఫోన్, అంటే నీటి మైకు, సన్నటి తీగకు వేలాడుతూ ముందే చెప్పి పెట్టిన లోతుకు దిగిపోతుంది. అది విన్నది తీగ గుండా పైకి, పైనుంచి రేడియోలో విమానానికి. పని గంటలు అయిపోయాక తనే మునిగిపోతుంది. మళ్ళీ తెచ్చుకునేది లేదు, ఒకసారి వేస్తే వేసినట్టే.

ఒక్కటి వేస్తే సరిపోదు. వరుసగా, ఒకదానికొకటి లెక్క ప్రకారం దూరంగా వేస్తూ పోవాలి, వల పరిచినట్టు. ఒక్కో బోయ్‌కి ఒక్కో రేడియో ఛానెల్. ఏ ఛానెల్‌లో శబ్దం పెరిగింది, ఏ ఛానెల్‌లో తగ్గింది అన్నదాన్ని బట్టి సబ్‌మెరైన్ ఎటు పోతోందో తేలుస్తారు.

ఇక్కడ నా తప్పొకటి ఒప్పుకోవాలి. కొత్తల్లో ఒకసారి, తెల్లవారుజామున లోడింగ్‌లో, ఒకే ఛానెల్ నంబరు ఉన్న బోయ్‌లు రెండు ఎక్కించేశాను. లిస్టు చూసి టిక్కు పెట్టాను గానీ గొట్టం మీద నంబరు చదవలేదు. అది ప్రాక్టీసు ఫ్లైట్ కాబట్టి బతికిపోయాను. ఎనిమిది గంటల తర్వాత విమానం దిగింది. ఆ నాలుగు ఇంజిన్ల హోరులో అన్నేసి గంటలు కూర్చున్న మనుషులు కిందికి దిగాక కాసేపు అరిచినట్టే మాట్లాడతారు. ఆపరేటర్ నేరుగా నా దగ్గరికొచ్చి నా రెండు చెవుల దగ్గరా చేతులు పెట్టి, ‘ఇద్దరు మనుషులు ఒకేసారి ఒకే మాట వేర్వేరు చోట్ల నుంచి చెబితే నీకు ఏం అర్థమవుతుంది?’ అని అరిచాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఆ రోజు నుంచి గొట్టం మీద నంబరు వేలితో తడిమి, పైకి చదివి, అప్పుడు ఎక్కించేవాణ్ణి. ఇప్పటికీ గ్యాస్ సిలిండర్ వస్తే దాని మీద ఉన్న అంకెలు పైకి చదువుతానని మా ఆవిడ నవ్వుతుంది.

వినడంలో ఇంకో చిక్కుంది. సముద్రం అంతా ఒకే నీరు కాదు. పైన ఎండకు వేడెక్కిన పొర, కింద చల్లటి పొర. బంగాళాఖాతంలో అయితే గంగ, బ్రహ్మపుత్ర, మన గోదావరి, కృష్ణ తెచ్చి పోసే మంచినీళ్ళ వల్ల పైపొరలో ఉప్పు కూడా తక్కువ. ఒక పొర నుంచి ఇంకో పొరలోకి పోయేటప్పుడు శబ్దం వంగిపోతుంది. సబ్‌మెరైన్ నడిపేవాళ్ళకీ ఆ సంగతి తెలుసు. ఆ పొర కిందికి పోయి, గోడ చాటున దొంగ నిలబడ్డట్టు నిలబడతారు. అందుకని ముందు ఒక బోయ్‌ని కేవలం లోతును బట్టి నీటి వేడి ఎంతుందో కొలవడానికే వేస్తారు. ఆ లెక్క చూసుకుని వినే మైకును ఏ లోతుకు దించాలో తేల్చుకుంటారు. 2024 ఆగస్టులో మన దేశానికి సోనోబోయ్‌లు అమ్మడానికి అమెరికా ప్రభుత్వం ఒప్పుకుంది, అంచనా 5.28 కోట్ల డాలర్లు. అందులో ఉన్నవి సరిగ్గా ఈ మూడు రకాలే. ఊరికే వినేది ఒకటి, తనే శబ్దం వదిలి తిరిగొచ్చే ప్రతిధ్వని పట్టేది ఒకటి, నీటి వేడి కొలిచేది ఒకటి. నీళ్ళలో పారేసి రావడానికి అంత డబ్బు పోస్తున్నారంటే, రాడార్‌తోనే పనైపోతే పోస్తారా? మీ విలేఖరి ఈ ఒక్క ప్రశ్న వేసుకున్నా ఆ వాక్యం రాసేవాడు కాదు.

తోకలో ఉండే మ్యాడ్ సంగతి కూడా చెప్పాలి. టీయూ-142కీ ఉండేది, పీ-8ఐకీ ఉంది. సబ్‌మెరైన్ అంటే వేల టన్నుల ఉక్కు. అది ఉన్నచోట భూమి అయస్కాంత శక్తిలో చిన్న తేడా వస్తుంది. ఆ తేడాను పట్టేదే మ్యాడ్. అయితే దానికి అందే దూరం కొన్ని వందల మీటర్లే. సబ్‌మెరైన్ ఎక్కడో ఒకచోట ఉందని ముందే అనుమానం ఉంటే, నీళ్ళకు దగ్గరగా దిగి, సరిగ్గా నెత్తిమీద నుంచి పోయినప్పుడే పనికొస్తుంది. అమెరికా నేవీ తన పీ-8ల్లో మ్యాడ్ వద్దనుకుంది. మనవాళ్ళు మాత్రం కావాలని అడిగి పెట్టించుకున్నారు. వెనక వైపు చూసే రెండో రాడార్ కూడా మనవాటికే ఉంది. ఈ రెండూ మీ వార్తలో లేవు. తెలుగువాళ్ళు గొప్పగా చెప్పుకోదగినవి కూడా లేవు. పీ-8ఐలో మాటలు బయటివాళ్ళకు అర్థం కాకుండా చేసే పరికరం హైదరాబాద్ ఈసీఐఎల్‌ది. ఉపగ్రహం ద్వారా మాట్లాడే వ్యవస్థ మన అవాంటెల్ కంపెనీది. 

మిగతా సామాను త్వరగా చెప్పేస్తాను. పొట్ట కింద పగలూ రాత్రీ చూసే కెమెరా ఉంటుంది. ఎదుటి ఓడల రాడార్లు వదిలే తరంగాలను దూరం నుంచే పట్టి ఎవరిదో గుర్తించే పరికరం ఉంటుంది. ఓడలు తమ పేరూ దారీ చెప్పుకునే ఏఐఎస్ సంకేతాలు వినేది ఉంటుంది. ఆయుధాలంటే హార్పూన్ క్షిపణులు, మార్క్ 54 టార్పెడోలు. అరక్కోణంలో లేచి రెండు వేల కిలోమీటర్ల పైచిలుకు పోయి, అక్కడ నాలుగు గంటలు తిరిగి, మళ్ళీ వచ్చేయగలదు. తొలి ఎనిమిదింటికి 2009 జనవరిలో ఒప్పందం అయింది, మొదటిది 2013 మే నెలలో వచ్చింది. ఆ తర్వాత ఇంకో నాలుగు. మొత్తం పన్నెండు. మా టీయూ-142లు 1988 నుంచి 29 ఏళ్ళు, 30,000 గంటలు ఒక్క ప్రమాదం లేకుండా ఎగిరి 2017 మార్చి 29న సెలవు తీసుకున్నాయి. ఆ రోజు అరక్కోణం వెళ్ళలేకపోయాను. బీచ్ రోడ్డులో దాన్ని ముక్కలు ముక్కలుగా తెచ్చి మళ్ళీ బిగిస్తున్నప్పుడు మాత్రం రోజూ సాయంత్రం పోయి గోడవతల నిలబడేవాణ్ణి. వాచ్‌మన్ ఓసారి ‘ఏం కావాలి తాతా’ అని అడిగాడు. ఏమీ వద్దని వచ్చేశాను.

ఇక అసలు సంగతి.

2016 జూలై 22న వాయుసేన ఏఎన్-32 విమానం తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు పోతూ బంగాళాఖాతం మీద మాయమైంది. అందులో 29 మంది. వాళ్ళలో ఎనిమిది మంది మన ఎన్ఏడీ, అంటే నౌకాదళ ఆయుధ డిపో ఉద్యోగులు. మా వీధిలో ఆ డిపోలో పనిచేసేవాళ్ళు చాలామంది. ఆ వారం రోజులు మా వీధి ఎలా ఉందో నేను రాయను. ఓడలు వెళ్ళాయి, సబ్‌మెరైన్ వెళ్ళింది, పీ-8ఐలు, డోర్నియర్లనే చిన్న విమానాలు రోజుల తరబడి తిరిగాయి. ఏమీ దొరకలేదు. మా పక్కింటాయన ఆ డిపోలోనే చేసేవాడు. నాలుగో రోజో ఐదో రోజో రాత్రి మా అరుగు మీద కూర్చుని, ‘అన్నయ్యా, నువ్వే చెప్పు. సబ్‌మెరైన్ కింద దాక్కున్నా కనిపెడతామని మీవాళ్ళు పేపర్లో రాయిస్తారు కదా. అంత పెద్ద విమానం కనబడలేదా? కనబడినా చెప్పడం లేదా?’ అని అడిగాడు.

ఆ రెండో ప్రశ్న నన్ను ఇన్నేళ్ళుగా వదల్లేదు. అప్పుడు నేను ‘వెతుకుతున్నారు తమ్ముడూ’ అని మాత్రం అన్నాను. చెప్పాల్సింది చెప్పలేదు. సబ్‌మెరైన్ బతికి ఉంది కాబట్టి దొరుకుతుంది. దాని ప్రొపెల్లర్ తిరుగుతుంది, పంపులు కొట్టుకుంటాయి, అందులో మనుషులు నడుస్తారు. చప్పుడు చేస్తుంది. అడుగుకు చేరిన శకలం చప్పుడు చేయదు. చప్పుడు లేనిదాన్ని చెవితో ఎలా వెతుకుతారు? నీటి మీద ఏదైనా తేలుతుంటే కంటికీ, కెమెరాకీ, రాడార్‌కీ దొరికే అవకాశం ఉంది. మునిగిపోతే ఏ విమానమూ ఏమీ చేయలేదు.

అంతకు ఏడాది ముందే ఇందుకు ఉదాహరణ ఉంది. 2015 జూన్ 8న కోస్ట్ గార్డ్ డోర్నియర్ ఒకటి ముగ్గురితో తమిళనాడు తీరంలో కనబడకుండా పోయింది. దాని లొకేటర్ నీళ్ళ కింద టిక్కు టిక్కుమని సంకేతం ఇస్తుంటే విన్నది విమానం కాదు, మన సింధుధ్వజ్ సబ్‌మెరైన్. ఆ చప్పుడు పట్టుకుని పోయి, నెల దాటాక, వెయ్యి మీటర్ల దరిదాపు లోతున, సముద్రం అడుగున పనిచేసే ఓడ ఒకటి దాన్ని కనుక్కుంది. చప్పుడు ఉంది కాబట్టి నెల చిల్లరలో తేలింది. ఏఎన్-32 శకలాలు ఎప్పుడు దొరికాయో మీకు తెలుసు. 2024 జనవరిలో, ఏడున్నరేళ్ళకు, చెన్నై తీరానికి దూరంగా 3,400 మీటర్ల లోతున. దొరికింది విమానానికి కాదు. జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ అడుగుకు దించిన మనిషి లేని యంత్రానికి. ఆ వార్త వచ్చిన రోజు పక్కింటాయన ఇంటికి వెళ్ళాను. ఆయన రిటైరై కొడుకు దగ్గరికి వెళ్ళిపోయాడని చెప్పారు. ఫోన్ చేద్దామనుకున్నాను, చేయలేదు.

‘ఇట్టే పసిగడుతుంది’ అని రాసినప్పుడల్లా, పసిగట్టనప్పుడు ఏదో దాస్తున్నారనే అనుమానం జనానికి వస్తుంది. మీరు ఆ మాట పొగడ్తగా రాస్తారు. అది ఆ విమానాల్లో గంటల తరబడి హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చునే పిల్లల నెత్తిమీదే పడుతుంది.

మొదట్లో చెప్పిన మా ఇంటి సంగతికొస్తాను. మా చెల్లెలి కొడుకు భీమిలిలో ఉంటాడు, ఫైబర్ తెప్ప మీద వేటకెళ్తాడు. ఇప్పుడు వేట నిషేధం కదా, ఇంజిన్ విప్పి బాగు చేసుకుంటున్నాడు. మొన్న వెళ్తే తెప్పలో డిస్ట్రెస్ అలర్ట్ ట్రాన్స్‌మిటర్ కనబడలేదు. అదే, ఇస్రో వాళ్ళు తయారుచేసినది, మీట నొక్కితే ఉపగ్రహం ద్వారా బెంగళూరుకూ అక్కడినుంచి కోస్ట్ గార్డ్‌కూ మన చోటు తెలిసే పెట్టె. కొత్త రకమైతే ‘నీ కబురు అందింది’ అని తిరిగి జవాబు కూడా ఇస్తుంది. ఏదిరా అని అడిగితే నవ్వాడు. ‘మావా, పేపర్లో ఏటి రాసేరో సూసేవా? సిన్న తెప్ప కదిలినా పైనుంచి కనబడిపోద్దట. ఇంకా ఆ డబ్బా మొయ్యడం ఎందుకు? సార్జింగ్ పెట్టాలి, తడవకుండా సూడాలి’ అన్నాడు. మీ పేపరు వాడి దగ్గరే ఉంది, బేరింగుల కింద పరిచి ఉంది.

నేను చెప్పాను. ఫైబర్ రాడార్‌కు సరిగ్గా తగలదు, కర్రా అంతే. ఇనుప ఓడ తెర మీద మెరిసినట్టు నీ తెప్ప మెరవదు. నీ ఇంజిన్ ఒక్కటే కాస్త లోహం. గాలి రేగి అలలు లేచాయంటే ఆ అలల చుక్కల్లో నువ్వొక చుక్కవి. 2023 మే నెలలో హిందూ మహాసముద్రం నడిమధ్య చైనా చేపల ఓడ ఒకటి 39 మందితో బోల్తా పడితే మన పీ-8ఐ పోయి దానివి అనిపించే వస్తువులను కనిపెట్టింది, రక్షణ సామగ్రి జారవిడిచింది. అది పెద్ద ఓడ, ఎక్కడ మునిగిందో ముందే కబురు ఉంది. నీకు కబురు ఎవరు చెబుతారు? ఆ డబ్బాయే చెప్పాలి. ‘ఎక్కడ వెతకాలి’ అన్నది తెలిస్తే విమానం చాలా గొప్పది. తెలియకపోతే బంగాళాఖాతం చాలా పెద్దది. విశాఖలోని మన నేవీ డేగ స్థావరం నుంచి లేచే చిన్న డోర్నియర్లకైనా, పెద్ద పీ-8ఐకైనా ఇది ఒకటే.

‘నువ్వు రిటైరై ఇరవై ఏళ్ళయిపోనాది మావా. ఇప్పుడన్నీ కొత్తవి వచ్చేసినాయి’ అన్నాడు.

నిజమే, కొత్తవి వచ్చాయి, ఇంకా వస్తున్నాయి. మనిషి లేకుండా రోజంతా ఎగిరే సీ గార్డియన్లు పదిహేను నేవీ కోసమని 2024 అక్టోబర్‌లో ఒప్పందం అయింది. అంతకుముందు అద్దెకు తెచ్చుకున్న రెండింటిలో ఒకటి అదే ఏడాది సెప్టెంబర్‌లో సముద్రంలోనే పడింది. ఎంత కొత్తదైనా ఉప్పునీటి గుణం మారదు కదండీ. 1992లో రాడార్‌కు నీళ్ళ కింద ఏం కనబడేదో ఇప్పుడూ అదే కనబడుతుంది.

కాబట్టి నా విన్నపం రెండు ముక్కలు. ఒకటి, ఆ వార్తను సవరించండి. ‘సవరణ’ అని ఎనిమిదో పేజీ మూలన వేలెడంత కాదు, వేసిన పేజీలోనే, చదివేంత సైజులో. విమానం ఏం చేయలేదో కూడా రాయండి. అది నేవీని తక్కువ చేసినట్టు కాదు. రెండు, వేట నిషేధం జూన్ 14తో అయిపోతుంది. ఆ రాత్రే తెప్పలన్నీ నీళ్ళలోకి దిగుతాయి. ఈలోపే వేయండి. వీలైతే ఆ ట్రాన్స్‌మిటర్ ఎలా వాడాలో, ఎక్కడ తీసుకోవాలో మత్స్యశాఖ వాళ్ళను అడిగి దాంతోపాటే వేయండి. ఫొటో వేస్తే మాత్రం దయచేసి ప్రొపెల్లర్లు ఉన్నాయో లేవో చూసుకోండి.

ఈ ఉత్తరం పొడవైపోయిందని తెలుసు. కత్తిరించాల్సి వస్తే నా నేవీ కబుర్లు, ఛానెల్ నంబర్ల గొడవ తీసేయండి. ఫైబర్ తెప్ప రాడార్‌కు సరిగ్గా కనబడదన్న ముక్క మాత్రం ఉంచండి. మా వాడు నేను చెబితే వినలేదు. మీ పేపర్లో పడితే వింటాడు.

ఇట్లు,
ఒక విశ్రాంత నావికుడు,
గోపాలపట్నం, విశాఖపట్నం.